నడిగడ్డ పుట్టి

మానవపాడునుండి ఒక దిక్కునకు పోయిన కృష్ణ, మరొక దిక్కునకు పోయిన తుంగభద్ర అడ్డువచ్చును. రెండేళ్ళ నడుమనున్న ఈ సీమకు నడిగడ్డయని పేరు. వంతెనలు లేని దినములలో ఇచ్చటివారికి పెండ్లికైనను, సంతకైనను, వైద్యునికొరకైనను ఏరు దాటక తప్పెడిది కాదు. అలంపురము గుడులకు రాళ్ళు తోలిన బండ్లవారు తుంగభద్ర దాటుటకు ముందు ఆగి, ఇరుసులకు కందెన వేసికొన్న చోటే కందెనవోలు, అనగా నేటి కర్నూలు, అని ఐతిహ్యము. ఏరు దాటుటకై చేసికొన్న ఆయత్తమే ఒక పట్టణమునకు పేరైనదన్నమాట.

మనుష్యులను దాటించుటకు ఈ ప్రాంతపు సాధనము పుట్టి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రని బుట్ట యిది. పూర్వము వెలుపల పశుచర్మము కప్పెడివారు. తరువాత తారు పూసిన గుడ్డయు, ప్లాస్టిక్ పట్టాలును వచ్చినవి. దీనికి ముందు వెనుకలు లేవు, చుక్కాని లేదు. అడుగు చదునగుటచే కొద్దిపాటి నీటిలోను తేలును. బండకు తగిలినచో వెదురు వంగును గాని త్వరగా విరుగదు. అయితే ప్రక్కన తెడ్డు వేసిన గిరగిర తిరుగును. నేర్చినవాడు తెడ్డును ముందుకు చాచి, నీటిని తనవైపు లాగికొనుచు నడుపును. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ 1520 ప్రాంతమున ఆనెగొంది రేవున వీనిని చూచి, పదునైదు ఇరువదిమంది పట్టుదురనియు, తిన్నగా పోక తిరుగుచుండుననియు వ్రాసెను. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దిలో హెరొడొటస్ అను గ్రీకు చరిత్రకారుడు బాబిలోనులో ఇట్టి తోలుపడవలనే వర్ణించెను.

సాధనము మంచిదే, కాని దానిని ఎప్పుడు నీట దింపవలెనో ఎరుగుట వేరు విద్య. ఇందుకు సాక్ష్యము మన పొరుగుననే కలదు. రాయచూరు కొరకు శ్రీకృష్ణదేవరాయలకును, బిజాపురము సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్షాకును 1520 ప్రాంతమున పోరు జరిగెను. సుల్తాను సేన కృష్ణ ఒడ్డున విడిసినది. ఒకనాడు అతడు మద్యపానానంతరము తెప్పల సంగతి విచారింపగా, తోలు కప్పినవి నూరు మాత్రమే సిద్ధమనియు, మిగిలినవి కొన్ని దినములలో ముగియుననియు తెలిసినదట. ఆ కొన్ని దినములు ఆగుటకు అతనికి ఓపిక లేకపోయెను. ఏనుగునెక్కి నీట దిగెను. కొంత సేన వెంటపడినది. ఆవలి గట్టున ఓడి, తిరిగి వచ్చుటకు దారిలేక, ఎందరో ఏటిపాలైరి. ఇది ఫిరిస్తా చెప్పిన కథ. నూనిజ్ వ్రాతలో యుద్ధక్రమము వేరుగా నున్నను, పారిపోవువారు నదిలో మునిగిన సంగతి అందును గలదు. రాయచూరు చేజిక్కువరకు మద్యము ముట్టనని సుల్తాను ఒట్టుపెట్టుకొనెనట!

సుమారు మూడు శతాబ్దుల పిమ్మట, 1803లో, ఆర్థర్ వెల్లెస్లీ మరాఠాలపై దండెత్తెను. ఇతడే తరువాత వెల్లింగ్టన్ ప్రభువు. వానకాలమున నదులు నిండినప్పుడు శత్రువుల అశ్వసేన కదలుట కష్టమనియు, తనకు ముందుగా పుట్టులు సిద్ధముగానున్నచో ఆ వరదయే తనకు తోడ్పడుననియు అతడు గణించెను. వానలు రాకముందే పుట్టులు అల్లించుటకు ఉత్తరువులిచ్చెను. నీరు ఇరువురికి నొకటే; ఒకడు దానిని కొలిచి దిగెను, ఒకడు కొలువక దిగెను.

నడిగడ్డలో ఈ కొలత మరింత కష్టము. ఇచ్చట ఆకాశము నిర్మలముగానున్నను, పడమటి కనుమలలో కురిసిన వాన కొన్ని దినములకు ఈ రేవులను ముంచును. ఎగువ ఆనకట్టల తలుపులెత్తిన, ఉదయమున బయటపడియున్న బండ సాయంకాలమునకు మునిగి, సుడికి కారణమగును. కయాకు, కెనూ అను తెడ్డుపడవలతో వినోదముగా వడినీట దిగు విదేశీయులు సయితము నీటిని ఆరు తరగతులుగా విభజించి, తమ నేర్పునకు మించిన తరగతిలో దిగరాదని నేర్పుదురు. ఆరితేరినవారు కూడ ముందు ఒడ్డున దిగి, నడచి నీటిని పరికింతురు. కష్టమని తోచిన, పడవను భుజమున మోసికొని పోవుదురు. అందులో వారికి సిగ్గు లేదు.

2020 ఆగస్టులో, కృష్ణ వరదమీద నున్నప్పుడు, రాయచూరు జిల్లా కురువకుల దీవికిని మక్తల్ వైపు ఒడ్డునకును నడుమ పోవుచున్న పుట్టి తిరగబడినది. కొందరు ఒడ్డు చేరిరి, నలుగురు గల్లంతైరి. వారు వినోదమునకు వచ్చినవారు కారు. అవసరముండి ఏరు దాటినవారు. దీవులలోనివారికి వంతెనయే శాశ్వత రక్ష. అది వచ్చువరకు ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. పుట్టివాని నేర్పు తెడ్డు వేయుటలో సగమే. “నేడు దాటించను” అని చెప్పుటలో మిగిలిన సగము. ఆ మాట విన్నప్పుడు అతనిని తొందరపెట్టకుండుట, ఎక్కువ కూలి ఆశచూపకుండుట, ఒడ్డుననున్న మన వంతు.