పోయిందంటే ఎక్కడికి?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ సందుల్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ముందు కాసేపు నిలబడితే ఒకే గోడు మూడు భాషల్లో వినిపిస్తుంది. ఉర్దూ మాట్లాడే కుర్రాడు ‘సబ్ ఉడ్ గయా’ అంటాడు. బెంగాలీ ఆవిడ ‘శొబ్ చోలే గేఛే’ అంటుంది. పక్కనే గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది కాబట్టి ఆ చుట్టుపట్ల మనవాళ్లు కొత్తేమీ కాదు. తెలుగాయన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఫోన్లో ఇంటికి చెబుతుంటాడు: ‘అంతా పోయిందే’. విండోస్ మొరాయించింది, ఎవరో మళ్లీ ఎక్కించారు, తెరిచి చూస్తే పెళ్లి ఫొటోలూ లేవు, పీఎఫ్ కాగితాలూ లేవు. ముగ్గురి నోటా వచ్చినవి కదలికను చెప్పే క్రియలే. ఎగిరింది, వెళ్లింది, పోయింది. నశించిందని ఒక్కరూ అనలేదు.

ద్రావిడ భాషలూ ఆర్యభాషలూ పక్కపక్కన బతికి ఒకదాని పోకడ ఒకటి పట్టుకున్నాయని 1956లో భాషావేత్త ఎమెనో రాసిన వ్యాసం భాషాశాస్త్రంలో పెద్ద మలుపు. అందుకు ఉదాహరణలు గ్రంథాల్లోనే వెతకనక్కర్లేదు. ‘హో గయా’, ‘హోయే గేఛే’, ‘అయిపోయింది’ అనే మూడు మాటలూ ఆ కొట్టు గుమ్మంలోనే దొరుకుతాయి. అసలు క్రియ వెనక ‘పోవు’ను తగిలిస్తే పని పూర్తయిందనీ, ఇక చేతిలో లేదనీ అర్థం.

తెలుగులో ఈ క్రియకు పని మరీ ఎక్కువ. తమిళ మలయాళాల ‘పో’, పాత కన్నడంలో ‘పోగు’గా ఉండి తర్వాత ‘హోగు’ అయినది, మన ‘పోవు’, అన్నీ ఒక కుదురువే. కదలడం దాని మొదటి అర్థం. తెలంగాణలోనూ సీమలోనూ ఇప్పటికీ అదే ముఖ్యం. ‘యాడికి పోతున్నవ్’ అంటే ఎవరూ నొచ్చుకోరు. కోస్తాలో ఆ చోటును ‘వెళ్లు’ ఆక్రమించింది. అక్కడ ‘పో’ అంటే గెంటేసినట్టే. మనిషి పోయాడంటే చనిపోయాడని, పోయిన వారం అంటే గడిచిన వారమని, పోనీ అంటే వదిలేయమని. గడప దాటేటప్పుడు ‘పోతాను’ అనకూడదు, ‘వెళ్లొస్తాను’ అనాలి. ఇదే భయం బెంగాలీ ఇంట్లోనూ ఉంది. బయల్దేరుతూ ‘జాచ్ఛి’ అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, ‘ఆశి’ అనాలి. అంటే ‘వస్తాను’ అని.

ఇక్కడ పేట పేరూ చర్చలోకి దూరుతుంది. ఏక్‌బాల్‌లో ఉన్నది అరబ్బీ ‘ఇక్బాల్’. బెంగాలీ నోట్లో ఇకారం ఏకారమైంది. ఇక్బాల్ అంటే భాగ్యమని అందరికీ తెలుసు. మూలార్థం మాత్రం ఎదురుగా రావడం, ముఖం ఇటు తిప్పడం. దానికి వ్యతిరేకపదం ‘ఇద్బార్’: వెన్ను చూపి మళ్లిపోవడం, దాన్నుంచే దురదృష్టం. కలిమి అంటే రావడం, లేమి అంటే మళ్లిపోవడం. రావడం పేరున ఉన్న పేటలో నిలబడి జనం పోయినదాని కోసం ఏడుస్తున్నారు.

పోతే, అసలు సంగతి. (ఈ ‘పోతే’ కూడా ఆ క్రియే.) డిస్కులో నుంచి ఫైలు చెరిపినప్పుడు అది ఎక్కడికీ పోదు. పాత ఫ్యాట్ పద్ధతిలో పేరు తాలూకు మొదటి అక్షరాన్ని తీసేసి ఆ చోట ఈ5 అనే గుర్తు పెడతారు. ఫైలులోని సమాచారం అలాగే ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒక పట్టిక ఉంటుంది, ఏ ఫైలు ఏ చోట ఉందో అందులో రాసి ఉంటుంది. విండోస్ మళ్లీ ఎక్కించేవాడు క్విక్ ఫార్మాట్ కొడితే పట్టిక కొత్తది వస్తుంది. ఫొటో ఉన్నచోటే ఉంటుంది, దాని చిరునామా పోతుంది. ఫార్మాట్ చేయకుండా ఎక్కిస్తే ఇంకా నయం: పాతదంతా ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది, సాధారణంగా 10 రోజులుండి తనంతట తాను చెరిగిపోతుంది. ‘అంతా పోయింది’ అని నెత్తి కొట్టుకునేవాళ్లలో కొందరి ఫైళ్లు సీ డ్రైవులో ఈ పేరు కిందే కూర్చుని ఉంటాయి.

అందుకని ‘ఫైళ్లు పోయాయి’కీ ‘ఫైళ్లు చెరిగిపోయాయి’కీ తేడా పెట్టుకోవాలంటాను. మొదటిదానిలో పోవు ప్రధాన క్రియ, ‘ఎక్కడికి?’ అని అడగొచ్చు. రెండోదానిలో సహాయక్రియ, ఆ ప్రశ్నకు తావులేదు. బాగుచేసేవాడి పనంతా ఇది ఏ పోవడమో తేల్చడమే. తిరిగే పళ్లెమున్న పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే ఆదేశం ఉంది. ఫలానా చోట్లు ఇక అక్కర్లేదని విండోస్ 7 నాటి నుంచి సిస్టమే డిస్కుకు చెబుతోంది, డిస్కు వాటిని తనంతట ఖాళీ చేసుకుంటుంది. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ కొడితే డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. ఈ రెండు చోట్లా తెలుగువాడి మాట అక్షరాలా నిజం: పోయింది.

వ్యాకరణంలో దీనికొక తమాషా జోడీ ఉంది. ‘చెరిగి’ వంటి క్త్వార్థం కళ (చివర ద్రుతమనే నకారం లేనిది) కాబట్టి ‘చెరిగిపోవు’లో పకారం మారలేదు. ‘రాన్’ ద్రుతాంతం కాబట్టి ‘రాన్ + పోవు’ అన్నది ‘రాబోవు’ అయింది, పరుషం సరళమైంది. ఒకే క్రియ పకారంతో ముగిసినదాన్ని చెబుతుంది, బకారంతో ఇంకా మొదలవనిదాన్ని. డిస్కులోనూ వీటికి పడదు. పోయిన ఫైలును నిజంగా చంపేది రాబోయే ఫైలే. ఖాళీ అని రాసి ఉన్న చోట అది వచ్చి కూర్చుంటుంది. అందుకే తెలిసినవాడు ముందు యంత్రం ఆపేయమంటాడు, డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తాడు, వెతికే సాఫ్ట్‌వేర్‌ని ఆ డిస్కు మీద ఎక్కించనివ్వడు. కంగారులో జనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

‘పోఁగొట్టు’ అన్నది ‘పోన్ + కొట్టు’. పడగొట్టు, చెడగొట్టు, ఎగగొట్టు వరసలోది. దానికి ‘కొను’ చేర్చి ‘పోగొట్టుకున్నాను’ అంటే నష్టం నాదే, అందులో నా చెయ్యీ ఉందని. కొట్టు దగ్గర ఈ మాట నేను అరుదుగా విన్నాను. ‘పోయింది’లో కర్త ఫైలే కదా, హాయిగా ఉంటుంది.

ఫొటోరెక్ వంటి సాఫ్ట్‌వేర్ పట్టికను అసలు అడగదు. డిస్కును మొదటి నుంచి చదువుకుంటూ పోయి తలకట్టు గుర్తుపడుతుంది. జేపెగ్ ఫొటో ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అని మొదలవుతుంది. వర్డ్ డాక్స్ ఫైలు లోపల జిప్ కట్టే కాబట్టి ‘పీకే’ అని మొదలవుతుంది. జిప్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. ఇలా దొరికిన ఫైలుకు దేహం ఉంటుంది, పేరుండదు. ‘అమ్మ షష్టిపూర్తి’ కాస్తా ఎఫ్ తర్వాత ఒక పొడుగాటి అంకె అయి తిరిగొస్తుంది.

ఇలాంటి పోవడం కంప్యూటర్లకు ముందూ ఉంది. ఏక్‌బాల్‌పూర్ నుంచి హుగ్లీ నది వెంట ఎగువకు పోతే శ్రీరాంపూర్. 1812 మార్చి 11న అక్కడి మిషన్ ప్రెస్ అంటుకుంది. మిషనరీ విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి మొత్తం కాలిపోయింది. పంజాబీ వ్యాకరణంలో చాలా భాగం, సంస్కృత నిఘంటువు సామగ్రి అందులోనే బూడిదయ్యాయి. అచ్చు అక్షరాల సీసం కరిగి ముద్దయింది. బూడిద తవ్వితే అక్షరాల పోత మూసలకు ఆధారమైన ఉక్కు పంచ్‌లు చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన సీసంతోనే కొత్త అక్షరాలు పోతపోశారు. అక్షరాలు తిరిగొచ్చాయి, విండోస్ తిరిగొచ్చినట్టే. వ్యాకరణం ఎక్కడి నుంచీ రాలేదు. కేరీ మళ్లీ కూర్చుని రాస్తే 1814లో ‘తెలింగ’ భాషా వ్యాకరణంగా వెలువడింది. దాన్ని రికవరీ అంటే నేనొప్పుకోను. పోయిన పుస్తకం వేరు, వచ్చిన పుస్తకం వేరు.

తెలుగు కంప్యూటర్లలో దీనికి తిరగేసిన ప్రతిబింబం ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా మన డీటీపీ చాలాకాలం అను ఫాంట్ల మీదే నడిచింది. అందులో తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల కోడ్ అంకెలను అద్దెకు తీసుకుంటాయి. సిస్టం మళ్లీ ఎక్కించాక పేజ్‌మేకర్ ఫైలు క్షేమంగా దొరికి, ఫాంటు లేకపోతే, తెర మీద అర్థంలేని రోమన్ గుర్తుల వరద. రాతప్రతి నిక్షేపంగా ఉంది, పంచ్‌లు కాలిపోయాయి. ఏక్‌బాల్‌పూర్‌లో బాగుచేసే కుర్రాడు దాన్ని చూసి ‘కరప్ట్ హో గయా’ అంటాడు, అతని తప్పు లేదు. ఫైలు పాడవలేదని చెప్పడానికి అది చూడగానే గుర్తుపట్టే కన్ను కావాలి. ఆ కన్ను విజయవాడలో పాత ప్రెస్సువాళ్లకుంటుంది. వాళ్లు ఫోనెత్తగానే ఫాంటు ఏ వెర్షనో ఒక్కటే అడుగుతారు: ‘అను ఆరా, ఏడా?’