రంగం నుంచి దుబాయి దాకా: పరాయి నేల మీద పని పోతే



యానాం పక్కనే కోరంగి ఉంది. ఇప్పుడు మడ అడవులు చూడటానికి వెళ్ళేవాళ్ళకు తెలిసిన ఊరు గాని, ఒకప్పుడది పేరున్న ఓడరేవు. ఆ రేవు పేరు మీదనే బర్మా వాళ్ళు తెలుగువాళ్ళందరినీ కొరంగీలన్నారు. గంజాం నుంచి వెళ్ళినా, విశాఖ నుంచి వెళ్ళినా, గోదావరి ఒడ్డు నుంచి వెళ్ళినా అక్కడ కొరంగీయే. మనవాళ్ళు మాత్రం రంగూన్‌ను రంగం అనేవారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి రంగం వెళ్ళడం, బియ్యం బస్తాలు మోయడం, మిల్లుల్లో పనిచేయడం, రెండు మూడేళ్ళకు నాలుగు రాళ్ళు మూట గట్టుకుని తిరిగి రావడం మామూలు. మరి అలా వెళ్ళినవాడికి అక్కడ పని పోతే? మళ్ళీ పని దొరికేదాకా వాడి కూటికి పూచీ ఎవరిది? పని చేయించుకున్న దేశానిదా, కన్న దేశానిదా? ఈ ప్రశ్నకు గడచిన నూరేళ్ళ పైచిలుకులో దొరికిన జవాబులను ఈవేళ చెప్పుకుందాం.

పని పోయినవాడికి కొన్నాళ్ళపాటు ఇచ్చే డబ్బును నిరుద్యోగ భృతి అంటున్నాం. దేశమంతటికీ చట్టం చేసి, తప్పనిసరి బీమాగా దీన్ని మొదలుపెట్టిన దేశం బ్రిటన్. 1911 నాటి చట్టం అది. ఇళ్ళు కట్టే పని, ఓడలు కట్టే పని, ఇంజనీరింగు వంటి కొన్ని వృత్తులకే మొదట వర్తించింది. పనివాడు వారానికి రెండున్నర పెన్నీలు, యజమాని రెండున్నర పెన్నీలు కట్టాలి. సర్కారు తన వంతు కలుపుతుంది. పని పోతే వారానికి 7 షిల్లింగులు, ఏడాదికి 15 వారాలకు మించకుండా ఇస్తారు. 1913 జనవరి నుంచి ఇవ్వడం మొదలైంది. అంతకు ముందు పని లేనివాడు బీదల చట్టం కింద చేయి చాచవలసి వచ్చేది. ఇప్పుడు చందా కట్టాడు కనుక అడిగి పుచ్చుకునే అర్హత వచ్చింది. ఈ అర్హత అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న దగ్గరే అసలు కథంతా ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి మహాసభ వాషింగ్టన్‌లో జరిగింది. మన దేశపు కార్మికుల ప్రతినిధిగా ఎన్.ఎం. జోషీ వెళ్ళారు. ఆ సభ ఆమోదించిన రెండో ఒడంబడిక నిరుద్యోగం గురించినది. అందులో మూడో అధికరణం చెప్పేదేమిటంటే, నిరుద్యోగ బీమా ఉన్న సభ్య దేశాలు తమలో తాము ఒప్పందం చేసుకుని, ఒక దేశపు కార్మికుడు ఇంకో దేశంలో పనిచేస్తున్నప్పుడు అక్కడివాళ్ళకు ఇచ్చే భృతే అతనికీ అందేటట్టు చూడాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. కాని బీమా ఉన్న దేశాల మధ్య మాట అది. బీమా లేని దేశం నుంచి వెళ్ళినవాడి గతి దాంట్లో లేదు.

మన సంగతికి వస్తే, భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను 1921లో ఒప్పుకుంది, 1938లో అందులోంచి తప్పుకుంది. నిరుద్యోగుల లెక్కలు మూడు నెలలకు ఒకసారి పంపాలన్నది అందులో ఒక షరతు. అది మా వల్ల కాదన్నారు. భృతి మాట దేవుడెరుగు, పని లేనివాళ్ళు ఎందరో లెక్క చెప్పడమే కుదరలేదన్నమాట.

ఈలోగా రంగంలో ఏం జరిగిందో చూద్దాం. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. అందులో తెలుగువాళ్ళు సుమారు లక్షన్నర. రంగూన్ పట్నంలో సగానికి పైగా మనుషులు మన దేశం వాళ్ళే. ఓడరేవులో సరుకు దించే, ఎక్కించే పని చాలావరకు తెలుగు కూలీలది. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేది మేస్త్రీ. అక్కడ పనిలో పెట్టేదీ, కూలి పంచేదీ మేస్త్రీయే. పని లేని రోజున అప్పు పెట్టేదీ ఆయనే. మన తెలుగు కూలీకి దక్కిన నిరుద్యోగ భృతి మేస్త్రీ దగ్గర పెరిగే అప్పేనని నాకనిపిస్తుంది.

1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళను పెట్టుకున్నాయి. కొద్ది రోజులకే రాజీ కుదిరింది. పాతవాళ్ళు పనిలోకి వచ్చారు, కొత్తవాళ్ళను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై పట్నమంతా పాకింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. పని పోయిన బర్మా వాడికీ, పని పోతుందని భయపడిన తెలుగువాడికీ ఆదుకునే ఏర్పాటు ఏదీ లేదు. ఉన్న ఒక్క పనికోసం ఇద్దరు పేదవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు.

ఇక్కడ సరిహద్దు జిల్లాల వాళ్ళకు సులువుగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. అప్పటిదాకా రంగంలో ఉన్న కొరంగీ చట్టం ప్రకారం విదేశంలో ఉన్నవాడే కాడు. ఆ రోజుతో బర్మా వేరయింది, వాడు ఉన్నచోటనే ఉండి పరదేశి అయ్యాడు. 1936లో గంజాం వాళ్ళకు ఒరిస్సా వచ్చింది, 1953లో బళ్ళారి వాళ్ళకు మైసూరు వచ్చింది. ఇల్లు కదలకుండా రాష్ట్రం మారడం మనకు తెలిసిన అనుభవమే. కాని మన గీత ఒకే దేశంలోపలి గీత. రంగంలో ఉన్నవాడి గీత మరో దేశంలోకి నెట్టింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలమంది అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు.

మలయా కథ దీనికి భిన్నం. అక్కడి రబ్బరు తోటల్లో తమిళులు ఎక్కువ. తెలుగువాళ్ళు కూడా, ముఖ్యంగా లోయర్ పేరాక్ ప్రాంతంలో, బాగానే ఉండేవారు. 1907లో అక్కడి ప్రభుత్వం వలస కూలీల కోసం ఒక నిధి పెట్టింది. తోట యజమానులు కూలీల సంఖ్యను బట్టి దానికి డబ్బు కట్టాలి. కూలీలను తెచ్చే ఓడ ఖర్చు దాంట్లోంచే. 1930లో ప్రపంచమంతటా మాంద్యం వచ్చి రబ్బరు ధర పడిపోయింది. మగవాడికి రోజుకు 50 సెంట్లు, ఆడమనిషికి 40 సెంట్లు ఉన్న కూలి 1932 నాటికి 28కీ 24కీ దిగింది. ఆ కూలికైనా పని దొరకనివాళ్ళను ఆ నిధి ఖర్చుతోనే ఓడ ఎక్కించి మద్రాసుకూ నాగపట్నానికీ పంపేశారు. 1930 నుంచి 1932 దాకా మూడేళ్ళలో లక్షన్నరకు పైగా మనుషులు అలా తిరిగొచ్చారు.

అది దయ అని కొందరంటారు. ఆకలితో పరాయి దేశంలో పడి ఉండటం కంటే ఇంటికి చేరడం మేలే, కాదనను. కాని రబ్బరు ధర కోలుకోగానే 1934లో మళ్ళీ కూలీలను రప్పించడం మొదలుపెట్టారు. గిరాకీ లేనప్పుడు పోషణ భారం మన పల్లెల మీద, గిరాకీ ఉన్నప్పుడు లాభం తోట వాడికి. పని పోయినవాడికి దక్కిన అర్హత ఓడ టిక్కెట్టు ఒక్కటే. శ్రీనివాస శాస్త్రి గారు వెళ్ళి పరిస్థితులు చూసి, కూలి పాత రేటుకు తేవాలని 1937లో నివేదిక ఇచ్చారు. కూలి మళ్ళీ తగ్గించబోతే 1938లో మన ప్రభుత్వం తోటలకు కూలీలను పంపడమే ఆపేసింది.

అదే మలేసియాలో 2018 జనవరి నుంచి ఉద్యోగ బీమా అమలులోకి వచ్చింది. ఆనాడు అక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాల వారసులు పౌరులు కనుక వాళ్ళకు వర్తిస్తుంది. ఇవాళ అదే తోటల్లో పనికి వచ్చే ఇతర దేశాల వలస కూలీలకు వర్తించదు.

ఐరోపా వాళ్ళు మాత్రం సరిహద్దు మనిషి గురించి తీరిగ్గా ఆలోచించారు. ఒక దేశంలో ఇల్లు, పక్క దేశంలో పని. సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. 1971 నాటి వాళ్ళ నిబంధన ప్రకారం, అలాంటివాడికి పని పూర్తిగా పోతే భృతి ఇవ్వవలసింది అతను కాపురమున్న దేశం. కొత్త పని వెతుక్కునేది ఇంటి దగ్గరే కదా అన్నది వాళ్ళ తర్కం. చందా వసూలు చేసింది ఒకరు, భృతి ఇచ్చేది మరొకరు! ఈ పేచీ పెరగ్గా, 2010 నుంచి అమలైన కొత్త నిబంధనలో పనిచేయించుకున్న దేశం మొదటి మూడు నెలల భృతిని, కొందరి విషయంలో అయిదు నెలల భృతిని, రెండో దేశానికి తిరిగి చెల్లించాలన్నారు.

ఇక మనవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా వెళ్ళే గల్ఫ్. దుబాయి, అబూధాబీ ఉన్న యు.ఎ.ఇ. 2022లో చట్టం చేసి, 2023 జనవరి 1 నుంచి నిరుద్యోగ బీమా మొదలుపెట్టింది. పరదేశీ ఉద్యోగులు కూడా అందులో చేరి తీరాలి. మొదలైనప్పటి నిబంధనల ప్రకారం మూల జీతం 16 వేల దిర్హాములలోపు ఉన్నవాడు నెలకు 5 దిర్హాములు కట్టాలి. పని పోతే మూల జీతంలో 60 శాతం, నెలకు 10 వేల దిర్హాములకు మించకుండా, మూడు నెలల దాకా ఇస్తారు. షరతులున్నాయి. వరసగా 12 నెలలు చందా కట్టి ఉండాలి. తానై రాజీనామా చేసినా, క్రమశిక్షణ కింద తీసేసినా రాదు. పని పోయిన 30 రోజుల్లో అడగాలి. దేశం విడిచి వస్తే ఆగిపోతుంది. పని పోగానే దిగులుతో విమానమెక్కి ఇంటికి వచ్చేసినవాడు కట్టిన చందాను అక్కడే వదిలి వచ్చినట్టు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఈ బీమా లేదు. కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎక్కువగా ఇళ్ళలో పనికి వెళ్ళే కువైట్‌లోనైతే నిరుద్యోగ బీమా ఆ దేశ పౌరులకే.

మన దేశం తరఫున 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకుని వెళ్ళే కార్మికులకు ఇది తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షల రూపాయలు. పని పోయినందుకు నెలనెలా ఇచ్చే డబ్బు ఇందులో లేదు. తన తప్పు లేకుండా ఒప్పందం గడువుకు ముందే పనిలోంచి తీసేస్తే, అక్కడి మన రాయబార కార్యాలయం ధ్రువీకరిస్తే, తిరిగి రావడానికి ఒకవైపు విమానం టిక్కెట్టు ఖర్చు ఇస్తారు. ఆ ధ్రువీకరణ కాగితం మాత్రం విమానం ఎక్కకముందే చేతిలో ఉంచుకోవడం మంచిది.