కువైట్‌లో మోగిన ఫోను అమెరికాలో ఎందుకు మోగలేదు?

మన కోనసీమ నుంచి పొట్ట చేతబట్టుకుని గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఎక్కువ. అమెరికా వెళ్ళిన ఇంజనీర్లూ తక్కువేం కాదు. 2000ల మధ్యలో రామచంద్రపురంలో కొన్న నోకియా 1100ని కువైట్ పట్టుకెళ్ళి అక్కడి సిమ్ వేస్తే చక్కగా మోగేది. అదే ఫోనుకి అమెరికాలో సిగ్నలే దొరికేది కాదు. అసలెందుకలా?

1987 సెప్టెంబరులో కోపెన్‌హాగన్‌లో 13 యూరప్ దేశాలవాళ్ళు కూర్చుని, అందరం జీఎస్ఎమ్ అనే ఒకే పద్ధతి వాడదామని సంతకాలు పెట్టారు. దానికి ముందు 900 మెగాహెర్ట్జ్, తర్వాత 1800 కేటాయించారు. 1995లో మనదేశంలో సెల్‌ఫోన్లు మొదలైనప్పుడు మనమూ ఆ దారే పట్టాం. గల్ఫ్ దేశాలూ అంతే. అందుకే అక్కడినుంచి అన్నయ్యో, అక్కో తెచ్చిన ఫోనులో ఊళ్ళో సిమ్ వేస్తే వెంటనే పనిచేసేది.

మరి అమెరికా? అక్కడ 1983 నుంచే 850లో పాత అనలాగ్ ఫోన్లున్నాయి. కొత్తవాటికి 1900 ఇచ్చారు. పైగా ఏ పద్ధతి వాడాలో ప్రభుత్వం చెప్పలేదు, కంపెనీల ఇష్టానికి వదిలేసింది. వెరైజన్, స్ప్రింట్ సీడీఎమ్ఏ వైపు వెళ్ళాయి. నోకియా 1100నే అమెరికా కోసం 850/1900తో వేరేగా చెయ్యాల్సొచ్చింది! 2003లో మన దగ్గర రిలయన్స్ 501 రూపాయలకే ఇచ్చిన ఫోన్లూ సీడీఎమ్ఏవే. చవగ్గా వచ్చాయి గానీ, జీఎస్ఎమ్ నెట్‌వర్క్ ఉన్నచోట అవి ఎందుకూ పనికిరావు.

అలాగని అమెరికావాళ్ళది ఉత్త మొండితనం అనలేం. సీడీఎమ్ఏ వెనకున్న ఆలోచనే తర్వాత 3జీకి పునాది అయింది. కానీ నన్నడిగితే, నెలజీతంలో సగం ఇంటికి పంపే మనిషికి కావాల్సింది గొప్ప టెక్నాలజీ కాదు, ఉన్న ఫోనుతోనే అమ్మతో మాట్లాడగలగడం. ఆ పని చేసిపెట్టింది కోపెన్‌హాగన్ ఒప్పందమే.

ఇప్పటి ఫోన్లలో అన్ని బ్యాండ్లూ ఉంటాయి కదా, ఇంకేం ఇబ్బంది అంటారా? 2022లో ఏటీ అండ్ టీ 3జీ ఆపేశాక, వోల్టీ లేని ఫోన్లే కాదు, వోల్టీ ఉండి కూడా ఆ కంపెనీ జాబితాలో లేని ఫోన్లు అక్కడ కాల్స్‌కి పనికిరాకుండా పోయాయి. కాబట్టి విమానం ఎక్కేముందు బ్యాండ్లతో పాటు, అక్కడి కంపెనీ మీ మోడల్‌ని ఒప్పుకుంటుందో లేదో కూడా చూసుకోండి.