మచ్‌బూస్ గిన్నె దగ్గర మనవాళ్లు

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం ఆ కథను ఇక్కడ రాసి పెడుతున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం అర్దియా వీధుల్లో నడిస్తే ఇంటింటి నుంచీ ఒకటే వాసన. ఎండు నిమ్మకాయ, యాలకులు, దాల్చినచెక్క, ఉడికిన మాంసం. అది మచ్‌బూస్. చాలా ఇళ్లలో ఆ గిన్నె దగ్గర గరిటె పట్టుకున్నది మనవాళ్లే. రాయచోటి అక్కో, రాజంపేట అన్నో, గోదావరి జిల్లాల వదినో. మొదటిసారి చూసినప్పుడు "మన బిర్యానీకి చుట్టంలా ఉందే" అనిపిస్తుంది. నిజంగా చుట్టమే.

కువైట్‌లో వరి పండదు. అయినా ఇక్కడివాళ్లు అన్నాన్ని 'ఐష్' అంటారు. ఆ మాటకి బతుకు అని అర్థం. ఈజిప్టువాళ్లు అదే మాట రొట్టెకి వాడతారు. మరి ఇక్కడ పండని గింజకి బతుకు అనే పేరెందుకు? జవాబు సముద్రంలో ఉంది. 1938లో చమురు బయటపడి, 1946లో ఎగుమతి మొదలయ్యేదాకా కువైట్‌ను పోషించింది ముత్యాల వేట, పడవ వ్యాపారం. 'బూమ్' అనే పెద్ద చెక్క పడవల్లో బస్రా ఖర్జూరం నింపుకుని కరాచీ, బొంబాయి, మలబారు రేవులకు వెళ్లేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు బియ్యం, మసాలాలు, టేకు కలప తెచ్చుకునేవాళ్లు. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది కూడా మన రూపాయే. ఊరగాయని 'అచార్' అని ఈరోజుకీ అంటున్నారంటే ఆ పడవల పుణ్యమే.

అలాగని మచ్‌బూస్ అంటే బిర్యానీ కాదు. బిర్యానీకి బియ్యం సగం ఉడికించి, పొరలు వేసి దమ్ చేస్తాం. మచ్‌బూస్‌కి మాంసం ఉడికిన నీళ్లలోనే బియ్యం ఉడకాలి. కారం తక్కువ, పులుపు ఎండు నిమ్మకాయది. దాన్ని 'లూమీ' అంటారు. పైన ఉల్లిపాయ, కిస్‌మిస్, శనగపప్పు కలిపిన 'హషూ', పక్కన టమాటా వెల్లుల్లి 'దగ్గూస్'.

మనవైపు వచ్చిన వంట కూడా ఉంది. గోధుమ, మాంసం కలిపి మెదిపే 'హరీస్' గురించి 10వ శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలోనే రాసి ఉంది. నిజాం సైన్యంలో చేరి హైదరాబాద్ బార్కాస్‌లో స్థిరపడ్డ యెమెన్ అరబ్బులు ఈ వంటను వెంట తెచ్చుకున్నారు. మన మసాలా పడి హలీం అయింది. 2010లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఇక్కడ మొరాకో సంగతి ఒకటి చెప్పాలి. మన దగ్గర దాదా అంటే రౌడీ, అక్కడ 'దాదా' అంటే పెద్దింటి వంటావిడ. వాళ్లలో చాలామంది ఎడారికి అవతల నుంచి బానిసలుగా తెచ్చిన ఆడవాళ్లు, వాళ్ల సంతానం. మొరాకో పెద్ద విందుల రుచి వాళ్ల చేతుల్లోనే తయారైంది. కొలతలు కాగితం మీద ఉండేవి కావు, చూసి నేర్చుకోవడమే. 2020లో కుస్‌కుస్‌కి యునెస్కో గుర్తింపు వచ్చింది. వంటకి పేరొచ్చింది కానీ, తరతరాలుగా వండిన ఆ దాదాల్లో ఎక్కువమంది పేర్లు ఎక్కడా మిగల్లేదు.

మన అక్కలని బానిసలతో పోల్చడం లేదు. వాళ్లు వీసా మీద, జీతానికి వచ్చారు. కానీ మచ్‌బూస్ చరిత్ర చెప్పేటప్పుడు వ్యాపారి పేరు, పడవ పేరు వస్తాయి. ఇవాళ పొయ్యి దగ్గర నిలబడి, ఉప్పూ పులుపూ సరిచూసి, ఆ ఇంటి పిల్లల నాలుకకి రుచి నేర్పుతున్న మనిషి పేరు రాదు. ఆ పిల్లలు పెద్దయ్యాక "మా ఇంటి మచ్‌బూస్" అని తలుచుకునేది రాయచోటి చేతి వంటని.

అందుకే అడుగుతున్నాం. మీరు ఇక్కడ నేర్చుకున్న వంట ఏది, ఎవరు నేర్పారు, మీరేం మార్చారు? రాయడం రాకపోతే ఏం, వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పడానికి భయమైతే ఊరి పేరైనా చెప్పండి. అదైనా మిగలాలి.