వగ్జాల్ కథ: ఒక ఇంగ్లీషు మాట రష్యా రైలెక్కిన వైనం



ఈ ప్రత్యేక సంచికకు రైల్వే చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడగ్గానే నాకొక పాత బాకీ గుర్తొచ్చింది. సర్వీసులో చేరిన కొత్తలో ఒక శిక్షణ తరగతిలో విన్న కథను నేను ముప్పై ఏళ్ళపాటు చెప్పుకుంటూ తిరిగాను. డ్యూటీ రూముల్లో చెప్పాను, రన్నింగ్ రూముల్లో చెప్పాను, చివరికి నా పదవీ విరమణ సభలో కూడా చెప్పాను. ప్రతిసారీ అందరూ హాయిగా నవ్వారు. రిటైరయ్యాక తీరిగ్గా పుస్తకాలు తిరగేస్తుంటే ఆ కథ తప్పని తేలింది. ఆనాటి సభకు వచ్చినవారిలో చాలామంది ఈ సంచిక చదువుతారు గనుక బాకీ ఇక్కడే తీర్చుకుంటాను.

కథ ఇది. ఇంగ్లండులో రైళ్ళు కొత్తగా నడుస్తున్న రోజుల్లో రష్యా పెద్దలు కొందరు వాటిని చూడటానికి లండన్ వెళ్ళారట. జార్ చక్రవర్తే స్వయంగా వెళ్ళాడని చెప్పేవారూ ఉన్నారు. బండి ఒకచోట ఆగింది. స్టేషను కట్టడాన్ని చూపించి, ‘దీన్నేమంటారు?’ అని అడిగారట. చెప్పేవాడు ఊరి పేరు అడుగుతున్నారనుకొని ‘వాక్స్‌హాల్’ అన్నాడట. వీళ్ళు అదే రాసుకొని స్వదేశం వెళ్ళి, కట్టిన ప్రతి స్టేషనుకీ ‘వగ్జాల్’ అని పేరు పెట్టేశారట!

ఇందులో ఒక్క ముక్క నిజం. మాస్కోలోనైనా, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనైనా పెద్ద పాసింజరు స్టేషనును ఈనాటికీ వగ్జాల్ అనే అంటారు. అది వాక్స్‌హాల్ నుంచి వచ్చిన మాటే. మిగతాదంతా కల్పన.

తేదీల సాక్ష్యం

మనం రైల్వే మనుషులం. ఏ విచారణ జరిగినా ముందు రిజిస్టరు తెరిచి టైములు చూస్తాం. ఇక్కడా అదే చేద్దాం.

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణ గట్టున వాక్స్‌హాల్ అనే పేట ఉంది. 13వ శతాబ్దంలో ఫాక్స్ అనే నార్మన్ యోధుడికి అక్కడ ఇల్లుండేది. ఆయన హాలు పేరే నోళ్ళలో నలిగి వాక్స్‌హాల్ అయింది. ఆ పేటలో రైల్వే స్టేషను తెరిచింది 1848 జులైలో. జార్ మొదటి నికొలాయ్ లండన్ వెళ్ళింది 1844లో. మరి రష్యాలో రైలు మార్గం చివర వగ్జాల్ అనే కట్టడం వెలిసింది ఎప్పుడు? 1838లో. అంటే లండన్‌లో స్టేషను పుట్టడానికి పదేళ్ళు ముందే! బండి బయల్దేరక మునుపే వచ్చేసిందని రిజిస్టరులో రాసినట్టుంది ఈ వ్యవహారం.

సంగతేమిటంటే, వాక్స్‌హాల్ పేటకు రైలు రాకముందు దాని కీర్తి అంతా అక్కడి ఉద్యానవనాల వల్ల వచ్చింది. 17వ శతాబ్దం మధ్య నుంచి 1859 దాకా ఆ తోటలు నడిచాయి. సాయంత్రమైతే దీపాల వరసలు, సంగీత కచేరీలు, విందులు, షికార్లు. యూరప్‌లో అనేక నగరాలు వాటిని చూసి తోటలు వేసుకొని అదే పేరు పెట్టుకున్నాయి. మైకేల్ మాడాక్స్ అనే ఇంగ్లీషు నాటకశాల యజమాని 1783లో మాస్కోలోనే అలాంటిది ఒకటి తెరిచాడు. కుర్రవాడైన పుష్కిన్ 1813లో రాసిన పద్యంలో కూడా ఈ మాట వినోదశాల అనే అర్థంలోనే కనిపిస్తుంది. ఆవిరి బండి రష్యాలో తిరగడానికి అప్పటికింకా ఇరవై ఏళ్ళుంది.

కచేరీ సాల స్టేషను అయింది

రష్యాలో మొదటి ప్రజా రైలు మార్గం సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి చక్రవర్తి వేసవి విడిది అయిన త్సార్‌స్కొయె సెలొకు వేశారు. 1837 అక్టోబరు 30న (మన ఇప్పటి క్యాలెండరు ప్రకారం నవంబరు 11) అది మొదలైంది. ఆస్ట్రియా సామ్రాజ్యానికి చెందిన గెర్‌స్ట్‌నర్ అనే ఇంజనీరు దాని నిర్మాత. మొదటి రోజు ఎనిమిది పెట్టెల బండిని తానే నడిపి సుమారు 35 నిమిషాల్లో గమ్యం చేర్చాడు. మరుసటి ఏడు లైను పవ్లోవ్‌స్క్ దాకా సాగింది. మొత్తం 27 కిలోమీటర్లు.

అయితే ఆ లైను చివర రాజభవనాలు, తోటలు తప్ప సంతలు లేవు, కార్ఖానాలు లేవు. టిక్కెట్లు ఎవరు కొంటారు? గెర్‌స్ట్‌నర్ ఆలోచన మన కమర్షియల్ శాఖవారు మెచ్చుకోదగ్గది. లైను కొసన పవ్లోవ్‌స్క్ పార్కులో ఒక పెద్ద వినోద మందిరం కట్టించారు. సంగీతం, భోజనం, బస, అన్నీ అక్కడే. అలాంటి మందిరానికి అప్పటికే వాడుకలో ఉన్న పేరు వగ్జాల్ గనుక దానికీ ఆ పేరే వచ్చింది. 1856 నుంచి కొన్ని వేసవులపాటు వియన్నా సంగీతకారుడు యోహన్ స్ట్రౌస్ అక్కడ కచేరీలు చేశాడు. జనం ఆయన్ని వినడానికి రైలెక్కి వచ్చేవారు.

రైలు దిగితే వగ్జాల్, రైలెక్కాలంటే వగ్జాల్. అలా అలా వగ్జాల్ అంటే రైలు ఆగే మందిరం అయిపోయింది. ఇది ఒక్క రోజులో జరగలేదు. 1860లలో అచ్చయిన దాల్ గారి పెద్ద నిఘంటువు కూడా వగ్జాల్‌కు సంగీతం జరిగే విహారశాల అనే అర్థమే చెప్పింది. స్టేషను అన్న అర్థం ఆ తరవాతే పూర్తిగా గట్టిపడింది. రష్యన్‌లో ‘జాల్’ అంటే హాలు. మాట వాళ్ళ నోటికి అంత సులువుగా పట్టుబడటానికి అదీ ఒక కారణం.

స్టేషనుకు వాళ్ళకు మరో మాట కూడా ఉంది, ‘స్తాంత్సియ’. గుర్రాలు మార్చుకునే తపాలా మజిలీకి అది పాత పేరు. పుష్కిన్ 1831లో ప్రచురించిన స్టేషను మాస్టరు కథ చాలామంది చదివే ఉంటారు. ఆ స్టేషను మాస్టరు మనవాడు కాదు, గుర్రాల మజిలీవాడు! రైలు వచ్చాక బండ్ల రాకపోకలు నడిపే చోటు స్తాంత్సియ అయింది, ప్రయాణికుల పెద్ద భవనం వగ్జాల్ అయింది.

పట్టాకు ఒకటి, ఇంజనుకు ఒకటి

వగ్జాల్ ఒక్కటే కాదు, రైలుకు సంబంధించిన ప్రతి వస్తువుకూ రష్యావారు ఆ రోజుల్లో మాట వెతుక్కోవలసి వచ్చింది. 1834లో ఉరల్ కొండల్లోని నీజ్నీ తగీల్‌లో చెరెపానోవ్ తండ్రీకొడుకులు రష్యాలో మొదటి ఆవిరి ఇంజను నడిపారు. వాళ్ళు దెమీదోవ్ కుటుంబం కార్ఖానాల్లో కట్టుబానిసలుగా పుట్టినవారు. కొడుకు మిరోన్ 1833లో ఇంగ్లండు వెళ్ళి రైళ్ళు చూసి వచ్చాడు. వాళ్ళ ఇంజను సుమారు 3.3 టన్నుల బరువుతో గంటకు 13 నుంచి 16 కిలోమీటర్లు పోయేది. మరుసటి ఏడు ఒక గనుల పత్రిక దీని గురించి రాస్తూ ఇంజనును ‘నేల మీది పారొఖోద్’ అంది. ‘పార్’ అంటే ఆవిరి, ‘ఖోద్’ అంటే నడక. అప్పటికి పారొఖోద్ అంటే ఆవిరి ఓడ, కాబట్టి ఇది నేల మీద నడిచే ఆవిరి ఓడ అన్నమాట. పట్టాలను ‘కొలెసొప్రవోది’ అంది. చక్రాలకు దారి చూపేవి అని అర్థం. చక్కని సొంత మాట.

ఈ రెండింటి గతీ ఒకలా లేదు. 1830లలోనే ఇంజనుకు ‘పారొవోజ్’ అనే పేరు వచ్చింది. ఆవిరితో లాక్కుపోయేది అని అర్థం. పత్రికా సంపాదకుడు నికొలాయ్ గ్రెచ్ దాన్ని వాడుకలో పెట్టాడని చెబుతారు. కొన్నాళ్ళు రెండు పేర్లూ నడిచాయి. గ్లీంకా 1840లో స్వరపరచిన ప్రయాణ గీతంలో రైలింజనును ఇంకా పారొఖోద్ అనే అన్నారు. తరవాత నేల మీద పారొవోజ్, నీటి మీద పారొఖోద్ అని పంపకం జరిగిపోయింది.

పట్టాల సొంత మాట మాత్రం బతకలేదు. ఇంగ్లీషు మాటే గెలిచింది. అందులోనూ ఒక తమాషా ఉంది. ఇంగ్లీషువారు ఒకటైతే ‘రెయిల్’, రెండైతే ‘రెయిల్స్’ అంటారు. పట్టాలెప్పుడూ జంటగానే ఉంటాయి గనుక రష్యావారి చెవిన పడింది రెయిల్స్. దాన్ని ఏకవచనం అనుకొని ఒక పట్టాను ‘రేల్స్’ అన్నారు. రెండింటికి మళ్ళీ తమ బహువచనం తగిలించి ‘రేల్సీ’ అన్నారు. మన మనవలు ‘చిప్సులు’ కావాలని అడగటం లేదూ, అలాగే!

మన రైలు, మన బోగీ

నవ్వేముందు మన సంగతీ చూసుకోవాలి. ఇంగ్లీషులో రెయిల్ అంటే ఇనుప పట్టా. తెలుగులో ‘రైలు’ అంటే బండి మొత్తం! నేల మీద పడి ఉన్న పట్టా పేరు దాని మీద పరుగెత్తే బండికి పెట్టేసి, పట్టాకు పట్టా అనే మాట వాడుకున్నాం. ఇది తప్పా? కాదు, వాడుక. రష్యావారు సరిగ్గా ఇదే పని ట్రాము దగ్గర చేశారు. ఇంగ్లీషులో ‘ట్రాంవే’ అంటే ట్రాము నడిచే మార్గం. రష్యన్‌లో ‘త్రమ్‌వాయ్’ అంటే ఆ బండే. రైలును మాత్రం ‘పోయెజ్ద్’ అన్నారు. వరసగా సాగే బళ్ళకు, పెళ్ళివారి బళ్ళ బారుకు అది పాత పేరు. ఎంత అందమైన మాటో చూడండి.

బోగీ సంగతి వర్క్‌షాపు మిత్రులకు తెలుసు. అసలు బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం. మనం పెట్టెనే బోగీ అంటాం. ఆ చట్రాన్ని రష్యావారు ‘తెలేష్క’ అన్నారు, చిన్న బండి అని అర్థం. మనకు వ్యాగను అంటే గూడ్సుదే, వాళ్ళకు ‘వగోన్’ అంటే మనుషులు కూర్చునే పెట్టె కూడా. మన తాతలు ఇంజను పొగను చూసి పొగబండి అన్నారు, రష్యావారు లోపలి ఆవిరిని చూసి పారొవోజ్ అన్నారు. చూసే కంటిని బట్టి మాట.

కాబట్టి పరభాష మాటను తెచ్చుకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు. పవ్లోవ్‌స్క్ మందిరానికి ఆ పేరు పెట్టినవారికి వగ్జాల్ అంటే ఏమిటో బాగా తెలుసు. తెలియక పెట్టారని చెప్పి ముప్పై ఏళ్ళు నవ్వించినది నేను.

స్త్రేలొచ్నిక్

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. పట్టాలు మార్చే పాయింట్లను రష్యన్‌లో ‘స్త్రేల్క’ అంటారు, చిన్న బాణం అని. ఆ పని చేసే పాయింట్స్‌మన్ ‘స్త్రేలొచ్నిక్’. ఏ పెద్ద తప్పు జరిగినా నేరం చివరికి స్త్రేలొచ్నిక్‌దే అని వాళ్ళకొక నానుడి ఉంది. రైల్వే దాటి ఆఫీసుల్లో, రాజకీయాల్లో కూడా అది వినిపిస్తుంది. ఈ మాటకు అర్థం చూడగానే నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

నేను అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒక చిన్న స్టేషనులో షంటింగ్ చేస్తుండగా వ్యాగను పట్టా తప్పింది. అందరి వేళ్ళూ పాయింట్స్‌మన్ వైపే చూపాయి. పాయింటు సరిగా వేయలేదన్న కాగితం మీద నేనూ సంతకం చేశాను. అతను మూడు నెలలు సస్పెన్షన్‌లో ఉన్నాడు. తరవాత పై విచారణలో తేలిందేమిటంటే, అక్కడ పట్టాల మధ్య దూరం ఉండవలసిన దానికంటే ఎక్కువుంది. ఆ కొలత మొదటి రోజు రాసిన కాగితంలోనే ఉంది. ఎవరమూ చదవలేదు. అతను తిరిగి డ్యూటీలో చేరిన రోజు నాకు ఎప్పటిలాగే నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నాకింకా బరువుగానే ఉంది.

తెలియనివాడు పొరపాటు చేశాడన్న కథ ఎప్పుడూ తేలిగ్గా నమ్మబుద్ధి వేస్తుంది. వగ్జాల్ విషయంలో నేను నమ్మింది అదే, పాయింట్స్‌మన్ విషయంలో నమ్మిందీ అదే. రెండు చోట్లా రిజిస్టరు ముందే ఉంది, తెరిచి చూడటమే ఆలస్యం.

మన సంఘంలో ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, గేట్‌మన్లు, గార్డులుగా పనిచేసినవారు ఉన్నారు. మీరు డ్యూటీలో వాడిన మాటలు, ఏ వస్తువును ఏమని పిలిచేవారో, ఆ పేరు ఎలా వచ్చిందని విన్నారో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. వీలైతే ఏ సంవత్సరమో కూడా వేయండి. మన తరవాత ఎవరైనా తప్పు కథ చెబితే సరిదిద్దడానికి ఆ తేదీయే పనికొస్తుంది.

సెలవు.