జామ పండు ఈగ

జామ పండు ఈగ జామ కాయలలో గ్రుడ్లు పెట్టి, పండును లోపలి నుండి కుళ్ళజేయు కీటకము. ఇది డిప్టెరా క్రమములోని టెఫ్రిటిడే కుటుంబమునకు చెందినది. భారతదేశములో జామకు హాని చేయు ఈగలలో బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా జొనాటా, బాక్ట్రోసెరా కరెక్టా అను మూడు జాతులు ముఖ్యమైనవి. ఇంటిలో మాగిన అరటిపండ్లపై ముసురు చిన్న ఈగలు (డ్రోసోఫిలా) వేరు. అవి కుళ్ళుచున్న పండును ఆశ్రయించును. పండు ఈగ చెట్టుపైనున్న మంచి కాయనే పాడుచేయును.

జీవిత చక్రము

ఆడ ఈగ పక్వానికి వచ్చుచున్న కాయ తొక్కకు సూదివంటి అవయవముతో రంధ్రము చేసి, తొక్క క్రింద గ్రుడ్లు పెట్టును. ఒకటి నుండి మూడు రోజులలో గ్రుడ్లు పొదిగి, కాళ్ళులేని తెల్లని పురుగులు వెలువడి గుజ్జును తినును. కాయ మెత్తబడి రాలిపోవును. ఎదిగిన పురుగులు కాయనుండి బయటపడి నేలలో కొద్ది సెంటీమీటర్ల లోతున ప్యూపాలుగా మారును. వెచ్చని వాతావరణములో సుమారు పది రోజులకు వాటి నుండి క్రొత్త ఈగలు వచ్చును. ఒక ఆడ ఈగ తన జీవితకాలములో వేయికి పైగా గ్రుడ్లు పెట్టగలదు.

పురుగు కాయ లోపలనుండుటచే పైన చల్లిన మందు దానిని సరిగా చేరదు. కోతకు సిద్ధమైన కాయపై మందు చల్లినచో దాని అవశేషము తినువారిని చేరును. కావున ఈ కీటకము విషయములో చికిత్స కంటే ముందు జాగ్రత్తయే ప్రధానము.

ఋతువులు - అరకు ప్రాంతము

అరకు లోయ తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున కలదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది భాగము. ఇచ్చటి గిరిజనుల పెరళ్ళలోను, కొండవాలులలోను జామతో పాటు మామిడి, సీతాఫలము మొదలగు చెట్లు కలిసి పెరుగును. ఈ ఈగకు అవన్నియు ఆహారమే. వేసవిలో మామిడిపై వృద్ధిచెందిన ఈగలు, ఆ కాపు ముగియగానే జామను ఆశ్రయించును.

జామ సాధారణముగా ఫిబ్రవరి - మార్చి నెలలలో పూసి వానాకాలములోను, జూన్ - జూలై నెలలలో పూసి శీతకాలములోను కాపునిచ్చును. తేమ, వెచ్చదనము కలిసియుండు వానాకాలపు కాపుకే ఈగ బెడద అధికము. ఉష్ణోగ్రత సుమారు 12-13 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినపుడు ఈగ పెరుగుదల దాదాపు నిలిచిపోవును. అరకు, పాడేరు ప్రాంతములలో డిసెంబరు, జనవరి రాత్రులు తరచు 10 డిగ్రీల కంటే చల్లగానుండును. కొండలలోని ఈ చలి జామకు సహజ రక్షణ వంటిది.

నివారణ

* కాపు కాలము మార్చుట: మైదానములలో వేసవిలో నీరు ఆపి వానాకాలపు కాపును తగ్గింతురు. వర్షాధారమైన కొండ చెట్లకు వేసవి పూతను చేతితో త్రుంచుట, కొమ్మలు కత్తిరించుట అనువైన పద్ధతులు. ఒక కాపు వదులుకొనినట్లు కనిపించినను, శీతకాలపు పండు రుచిగానుండి, ఎక్కువ రోజులు నిలిచి, మంచి ధర పలుకును.
* పరిశుభ్రత: రాలిన కాయలను ప్రతిదినము ఏరి, రెండడుగుల లోతున పాతవలెను, లేదా ప్లాస్టిక్ సంచిలో బిగించి ఎండలో ఉంచవలెను. చెట్టు క్రింద వదలినచో ప్రతి కాయయు క్రొత్త ఈగలకు పుట్టినిల్లగును.
* నేల కదుపుట: చెట్టు పాదును పైపైన త్రవ్వినచో ప్యూపాలు ఎండకు, చీమలకు, కోళ్ళకు గురియగును. వాలు నేలలో లోతుగా త్రవ్వరాదు, మట్టి కొట్టుకొనిపోవును.
* సంచులు తొడుగుట: కాయ నిమ్మకాయంత ఉన్నపుడే కాగితపు సంచి తొడిగినచో ఈగ గ్రుడ్లు పెట్టలేదు. కొద్ది చెట్లున్నవారికి ఇది మిక్కిలి ఉపయోగకరము.
* ఎర బుట్టలు: ఆల్కహాలు, మిథైల్ యూజినాల్, పురుగుమందు 6:4:1 పాళ్ళలో కలిపి, అందులో 72 గంటలు నానబెట్టిన చిన్న ప్లైవుడ్ ముక్కను డబ్బాలో వ్రేలాడదీయుదురు. దీనికి మగ ఈగలు మాత్రమే వచ్చి చనిపోవును. ప్రక్క తోటలో జతకట్టిన ఆడ ఈగలు వచ్చి గ్రుడ్లు పెట్టగలవు. కావున ఒక్క ఇంటివారు పెట్టిన ఫలితము స్వల్పము; ఊరంతయు ఒకేమారు పెట్టవలెను.

చరిత్ర

బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థలో పనిచేసిన ఎఫ్. ఎం. హౌలెట్ పొరుగువారు దోమల బెడదకు సిట్రొనెల్లా తైలము వాడగా, దానికి పండు ఈగలు ముసిరినవి. ఈ విషయమును ఆయన 1912లో ప్రకటించి, 1915 నాటికి మిథైల్ యూజినాల్ ఆకర్షణ శక్తిని గుర్తించెను. 1960 దశకములో పసిఫిక్ సముద్రములోని రోటా దీవిలోను, 1986 నాటికి జపానుకు చెందిన ఒకినావా దీవులలోను ఈ పదార్థముతోనే డోర్సాలిస్ జాతిని నిర్మూలించిరి. చుట్టును సముద్రముండుటచే క్రొత్త ఈగలు సులభముగా రాలేకపోయినవి. కొండ గ్రామములకు అట్టి హద్దు లేదు. ఇరుగుపొరుగువారి సహకారమే ఆ లోటు తీర్చవలెను.

పండు ఈగ వలన ఎగుమతులకును నష్టము కలుగును. సరుకులో ఈగలు కనబడినందున ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుండి భారతదేశపు మామిడి దిగుమతిని నిషేధించి, 2015 జనవరిలో ఆ నిషేధమును తొలగించెను.

ఇవి కూడా చూడండి

* జామ
* అరకులోయ
* సమగ్ర సస్యరక్షణ