నెయ్యి లేని విస్తరి

పండక్కి వచ్చిన పిల్ల విస్తరి ముందు కూర్చుని "నాకు నెయ్యి వద్దు" అంటే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? ఒళ్ళు తగ్గాలని కాబోలు అనుకుంటుంది. మా అక్కయ్యా అలాగే అనుకుంది. "ఉన్నదే చీపురుపుల్లలా ఉన్నావు, ఇంకా ఏం తగ్గుతావే?" అంటూ ముద్దపప్పు మీద నేతిగిన్నె వంచబోయింది. పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టేసింది.

"ఒంటి కోసం కాదమ్మా. నెయ్యి, పాలు, పెరుగు, తేనె ఇవేవీ తినడం లేదు. నేను వీగన్ అయ్యాను."

మొన్న సంక్రాంతికి శ్రీహరికోటలో జరిగిన ముచ్చట ఇది. మా బావగారికి అక్కడి రాకెట్ కేంద్రంలో ఉద్యోగం. సూళ్ళూరుపేటలో రైలు దిగి, పులికాట్ సరస్సుకు అడ్డంగా వేసిన రోడ్డు మీద వెళ్ళాలి. ఆ నెలల్లో సరస్సు నిండా ఫ్లెమింగోలు. వాటిని చూసుకుంటూ హాయిగా వెళ్ళిన నాకు గడపలోనే ఈ తగువు ఎదురైంది.

మాంసం, చేప మానేస్తే అక్కయ్య ఏమీ అనేది కాదు. మన ఇళ్ళలో శనివారాలూ, కార్తీకమాసాలూ అలవాటే. కాని పెరుగు! "పెరుగు కలపకుండా అన్నం ముగించడం ఏమిటే? మజ్జిగైనా పోసుకోకుండా చెయ్యి కడుక్కుంటే భోంచేసినట్టా?" అని ఆవిడ బాధ. "పోనీ, పిన్నీ, నువ్వైనా చెప్పు" అని పిల్ల నా వైపు తిరిగింది. నవలల్లో తల్లీకూతుళ్ళ తగువులు ఎన్నో తీర్చాను గాని, ఇక్కడ నా కలం పనిచేయలేదు.

తగువు తీర్చింది ఇరుగుపొరుగు. శ్రీహరికోట కాలనీ మామూలు ఊరు కాదు. 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటినుంచీ ఏ రాష్ట్రం వాళ్ళో వచ్చి పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. రాకెట్ల లెక్కలు మగవాళ్ళూ, చదువుకున్న ఆడపిల్లలూ ఆఫీసులో చూసుకుంటే, గోడ మీంచి గిన్నెలు మార్చుకునే లెక్కలు ఇళ్ళలో నడిచాయి. సాంబారుకి బదులు మాంగాయ్ పచ్చడి, పులిహోరకు బదులు బెంగాలీ వాళ్ళ గసగసాల కూర. అక్కయ్య గోడు విని ఒకావిడ అంది: "ఇందులో ఏముందండీ? కనుమ రోజు తలా ఒక వంటా చేసుకొస్తాం. పాలచుక్క తగలకూడదు, అంతే. మీ అమ్మాయి తిని మార్కులు వేస్తుంది."

కనుమంటే పశువుల పండుగ. ఆవుకి బొట్టుపెట్టి, కొమ్ములకు పసుపు రాసే రోజు ఆవుని ఇబ్బంది పెట్టకుండా వంట చేద్దామన్నమాట. మా పిల్లకి ఆ మాట ఎంత నచ్చిందో! వెంటనే ఒక నోటుబుక్కు తీసి గీతలు గీసింది. వంట పేరు, చేసిన విధానం, ఫలితం.

ముందు తేలిన సంగతి ఏమిటంటే, మన పండుగ వంటల్లో సగం ఎప్పుడూ ఆవు జోలికి పోనివే. అరిసెలు చూడండి. తడిబియ్యప్పిండి, బెల్లంపాకం, నువ్వులు, వేయించడానికి నూనె. కనుమనాడు మినుము తినాలంటారుగా, ఆ గారెలు అంతే. నువ్వుండలు, పులిహోర, గుమ్మడికాయ దప్పళం, గోంగూర పచ్చడి అన్నీ పాసయ్యాయి. చక్రపొంగలి ఒక్కటే తప్పింది. దాన్లో పాలూ నెయ్యీ తీసేస్తే మిగిలేది బెల్లం అన్నమేగా!

కేరళావిడ 'ఓలన్' తెచ్చారు. బూడిదగుమ్మడి ముక్కలు, అలసందలు ఉడికించి కొబ్బరిపాలు పోస్తారు. పూర్తి మార్కులు. అది చూసి మా అక్కయ్యకి ఉత్సాహం వచ్చి, కొబ్బరిపాలతో పాయసం మొదలుపెట్టింది. మొదటిసారి పాలు తెర్లించినట్టే తెర్లించింది. విరిగిపోయి నీళ్ళు ఒక పక్క, పలుకులు ఒక పక్క! రెండోసారి సేమియా నీళ్ళలోనే ఉడికించి, బెల్లం కరిగించి, పొయ్యి మీంచి దింపి కాస్త చల్లారాక చిక్కటి కొబ్బరిపాలు కలిపింది. అది కుదిరింది. ఇదిగో, మీరూ చేసుకునేటట్టయితే ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. కొబ్బరిపాలు పోశాక మళ్ళీ పొయ్యెక్కించకూడదు.

అసలు పరీక్ష పెరుగు. రాత్రంతా నానిన వేరుసెనగపప్పు మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి వడగట్టి, ఆ పాలను బాగా కాచి, గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరప తొడిమలు పదో పన్నెండో వేసి మూతపెట్టారు. పెరుగు తోడు కలిపితే నియమం చెడుతుందిగా! మర్నాటికి వదులుగా తోడుకుంది గాని పచ్చిపప్పు వాసన. ఆ పెరుగే తోడువేసి రెండోరోజు మళ్ళీ పెడితే కాస్త గట్టిపడి, పులుపూ వచ్చింది. అన్నంలో కలిపితే అక్కయ్య ముఖం చిట్లించింది గాని, మజ్జిగపులుసుకి పనికొస్తుందని ఒప్పుకుంది. నోటుబుక్కులో 'నూటికి యాభై' అని పడింది.

ఇక మా బావగారి కథ. నెల్లూరు చేపల పులుసు లేనిదే ఆయనకి కనుమ కాదు. ఆ రోజు మట్టిదాకలో అదే చింతపండు పులుసు, అదే మెంతులూ ధనియాలూ వేయించిన పొడి, అవే వెల్లుల్లి రెబ్బలు. చేపకి బదులు ఏటవాలుగా కోసి నూనెలో వేయించిన అరటికాయ ముక్కలు. ఆయన గరిటె పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వెదికి, "చేప ఎక్కడ దాక్కుందే?" అన్నారు. అయినా రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. చేపల పులుసులాగే ఇదీ మర్నాటికి ఇంకా రుచిగా ఉంది.

రాత్రి పిల్ల అడిగింది. "పిన్నీ, నువ్వు చరిత్ర చదువుకున్నావుగా. మనకి ఈ వీగన్ అనేదానికి మాటే ఎందుకు లేదు?"

ఆ మాట ఇంగ్లండులో పుట్టింది. 1944లో, యుద్ధం ఇంకా సాగుతుండగా, డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, కొందరు మిత్రులూ శాకాహారి అనే ఇంగ్లీషు మాటకి మొదలూ చివరా ఉంచి, మధ్యది కత్తిరించి ఈ పేరు పెట్టుకున్నారు. కాని ఆ ఆలోచన అంతకుముందే మన మనిషి ఒకాయనకి వచ్చింది. కలకత్తాలో పాలు పిండడానికి ఆవుల్నీ గేదెల్నీ ఎంత హింసపెడతారో చదివి, గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలో ఉండగా పాలు మానేశారు. కొన్నేళ్ళకి ఇండియాలో జబ్బుపడి నీరసించిపోతే, డాక్టర్లు పాలు తాగితే గాని లాభం లేదన్నారు. ఆయన ఒట్టు విడవనన్నారు. అప్పుడు కస్తూరిబా ఏమన్నారో తెలుసా? మీరు ఒట్టు పెట్టుకున్నది ఆవుపాలకీ గేదెపాలకీ కదా, మేకపాలకి అడ్డేమిటని. ఆయన లొంగిపోయారు. ఒట్టులో మాట నిలిచింది గాని మనసు నిలవలేదని తరువాత ఆత్మకథలో తానే బాధపడ్డారు. ఆ గాంధీగారే 1921 ఏప్రిల్ 7న మన నెల్లూరు పక్కన పల్లిపాడుకి వచ్చి, పెన్న ఒడ్డున పినాకినీ ఆశ్రమాన్ని ప్రారంభించారు.

కస్తూరిబా మాట విని అక్కయ్య ఉప్పొంగిపోయింది. "చూశావా! భర్త ప్రాణం దగ్గరికొస్తే ఏ ఆడదైనా అంతే. నియమం మీది, వంట మాది" అంది.

మరి మనకి మాట ఎందుకు లేదు? పాలు మనకి పవిత్రం కనుక. శాకాహారమంటే పాలూ పెరుగూ అందులో ఉన్నట్టే లెక్క. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువుకి తగ్గట్టు అతిథులకి పెట్టిన విందుల్లో నెయ్యికీ పెరుగుకీ లోటుండదు. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పలనాటి జొన్నకూడు మీద ఎన్ని విసుర్లో! విస్తరిలో నెయ్యి ఉన్నవాడి భోజనమే వర్ణనకి ఎక్కింది.

కాని మా అమ్మ చెప్పే కథ వేరు. ఆవిడ కొత్తకాపురంలో ఇంటికి వచ్చేవి అర్ధశేరు పాలు. అవి మామగారి కాఫీకి, చంటిపిల్లకి. పెరుగు మగవాళ్ళకి, మిగిలిన మజ్జిగలో నీళ్ళు పోసి ఆడవాళ్ళకి. నేతిగిన్నె ఎవరి విస్తరి దగ్గర ఎంతసేపు ఆగాలో అత్తగారి చేతికి తెలుసు. దేశంలో పాలవెల్లువ పథకం మొదలైంది 1970లో. శ్రీహరికోటలో మొదటి రాకెట్ ఎగరడానికి సరిగ్గా ముందు ఏడాది. 1998కి పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. మా పిల్లకి వద్దనడానికి ఇన్ని పాలు ఉన్నాయంటే, దాని వెనక ఇంత కథ ఉంది.

అలాగే, వంటలు రాసిపెట్టుకోవడం కూడా మనకి ఈమధ్య అలవాటే. అమ్మ చేతిమీంచి కూతురి చేతికి వచ్చిందే గాని, కాగితం మీదికి ఎక్కడం తక్కువ. మాలతీ చందూర్‌గారి 'వంటలు-పిండివంటలు' పుస్తకం ఎన్ని పెళ్ళికూతుళ్ళ పెట్టెల్లో అత్తవారింటికి వెళ్ళిందో మీకు నేను చెప్పాలా! ఆంధ్రప్రభలో ఆవిడ 'ప్రమదావనం' కోసం వారమంతా ఎదురుచూసిన తరం మా అమ్మది.

మర్నాడు ఉదయం అంట్లు తోమడానికి అవ్వ వచ్చింది. ఆ దీవిలోనే పుట్టిన యానాది మనిషి. రాకెట్లు రాకముందు శ్రీహరికోట అడవి యానాదులదే. దుంపలు, పళ్ళు, తేనె, సరస్సులో చేపలు వాళ్ళ బతుకు. 1835లో దీవి కుంపిణీ సర్కారు చేతికి వచ్చాక, బట్టలకి ఎర్రరంగు వేసే చిరివేరు లాంటి అడవి సరుకులు వీళ్ళే తవ్వి తెచ్చి ఇచ్చేవారు. రాకెట్ కేంద్రం వచ్చాక ఊళ్ళు ఖాళీ చేయించి, వేరే చోట ఇళ్ళు చూపించారు. అవ్వ అప్పటికి పదేళ్ళ పిల్ల.

మా పిల్ల నోటుబుక్కు పట్టుకుని ఉత్సాహంగా వెళ్ళి, "అవ్వా, నేను పాలు మానేశాను. పాలు లేకుండా మీ ఇంట్లో ఏం వండుతారు?" అంది.

అవ్వ చేతిలో గిన్నె పట్టుకునే దాని ముఖంలోకి చూసింది. "మాకు పాలెప్పుడుండాయి పాపా, మానుకునేదానికి?" అంది.

అందులో కోపం లేదు, వెటకారం లేదు. ఉన్నమాట చెప్పిందంతే. పిల్ల ముఖం చిన్నబోయింది. నాకూ ఏం మాట్లాడాలో తోచలేదు. మూడురోజులుగా మేం నేర్చుకున్న నియమం ఆవిడ పుట్టినప్పటి నుంచీ పాటిస్తోంది. ఎవరూ మార్కులు వేయలేదు, ఎవరూ విధానం అడగలేదు.

కాసేపటికి పిల్లే తేరుకుంది. వెళ్ళి అవ్వ పక్కన నేలమీద కూర్చుని, "అయితే అవ్వా, నీకు ఇష్టమైంది చెప్పు. రాసుకుంటాను" అంది. అవ్వ ముందు నవ్వింది, తరువాత చెప్పింది. నిప్పుల మీద ఎండుమిరపకాయలు కాల్చాలి. ఎర్రగడ్డ కూడా పొట్టుతోనే కాల్చాలి. కల్లుప్పు వేసి చేత్తో నలిపి, నానబెట్టిన చింతపండు రసం పోసుకోవాలి. సంగటిలోకి. పొయ్యి మీద పెట్టేదే లేదు.

ఆ మధ్యాహ్నం అదే చేశాం. గ్యాసుపొయ్యి మీద కాల్చిన మిరపకాయకి నిప్పుల వాసన రాదుగాని, ముద్ద నోట్లో పెట్టుకోగానే అక్కయ్య కళ్ళల్లో నీళ్ళు. కారానికే లెండి! "నెయ్యి వేసుకోమ్మా, కారం తగ్గుతుంది" అని కూతురే గిన్నె ముందుకు జరిపింది. అక్కయ్య ఒక్క క్షణం ఆగి, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. వేరుసెనగ పెరుగుకి యాభై, కొబ్బరిపాల పాయసానికి తొంభై, అరటికాయ పులుసుకి ఎనభై. అవ్వ చెప్పిన పులుసు దగ్గర మాత్రం ఫలితం గడి ఖాళీగా వదిలేసింది. పైన మాత్రం పేరు రాసింది, 'అవ్వ పులుసు' అని.